ఇరవై పెట్టెలు, పది డబ్బాలు

ఆ రోజు ఇంట్లో నాన్నమ్మ, అమ్మ, బాబాయి, కొలత టేపుతో వచ్చిన వడ్రంగి, నేను ఉన్నాం. పెరట్లో పెట్టెల నిండా తేనెటీగలు కూడా ఉన్నాయి కానీ, వాటిని ఇంటి మనుషుల్లో కలిపితే బాబాయి ఒక్కడే సంతోషిస్తాడు.

తేనె పని బాబాయిది. మొదటి ఏడాది ఐదు పెట్టెలు పెట్టాడు. తర్వాత పది. ఈ ఏడాది ఇరవై. వచ్చే ఏడాది నలభై అట. కొత్త పెట్టెలు పేర్చడానికి నా గది కావాలట. వడ్రంగి అప్పుడే కిటికీ నుంచి నా మంచం దాకా కొలిచేస్తున్నాడు. ఇక నేను నాన్నమ్మ గదిలో పడుకోవాలి. నాన్నమ్మ గురక పెడితే గడియారం చప్పుడు కూడా వినిపించదు.

"ఆ పైన ఎనభై. మనల్ని ఆపేదెవరు?" అన్నాడు బాబాయి.

"అప్పుడు మమ్మల్ని కూడా పెట్టెల్లోనే పడుకోమంటావేమోరా," అంది నాన్నమ్మ.

"ఈగకు రెక్కలున్నాయమ్మా. ఇక్కడ పూలు చాలకపోతే ఇంకాస్త దూరం పోతుంది."

నలుగురిలో నాకు మాట పెగలదు. కానీ గది పోతోంది. డైరీ తెచ్చి బాబాయి ముందు తెరిచి పెట్టాను. తేనె తీసినప్పుడల్లా డబ్బాలు కడిగేది నేనే కాబట్టి ఎన్ని నిండాయో రాసుకున్నాను. ఐదు పెట్టెలకు ఐదు డబ్బాలు. పదింటికి తొమ్మిది. ఇరవైకి పది.

"కొన్ని రాయడం మరిచిపోయి ఉంటావులే," అన్నాడు.

"దూరం పోతే తెచ్చింది దారిలోనే తినేస్తాయి బాబాయీ," అన్నాను, నా కాళ్ల వంకే చూస్తూ. "పెట్టెలు పెరిగాయి. పూలు అవేగా."

"అది నిజమే," అంది అమ్మ వంటగదిలోంచి. "ఈసారి వాటికి తిండి చాలక చక్కెర పాకం పోశాం. నా వేళ్లు ఇంకా జిగురుగానే ఉన్నాయి."

"పూలు పెరగకపోతేనేం, మన తెలివి పెరుగుతుంది వదినా," అన్నాడు బాబాయి.

"పెరగనీ నాయనా. దానికి గది అక్కర్లేదు," అంది నాన్నమ్మ. "పదిమందికి వండింది ఇరవైమందికి వడ్డిస్తే గిన్నె పెద్దదవుతుందా? గరిటె చిన్నదవుతుంది."

వడ్రంగి నవ్వు ఆపుకోలేక టేపు వదిలేశాడు. అది సర్రున చుట్టుకుపోయింది.

"మా వీధిలో నాలుగో వడ్రంగి దిగినప్పుడు నాకూ అదే తెలిసిందండీ," అన్నాడు. "కుర్చీలు పెరిగాయి, కూర్చునేవాళ్లు పెరగలేదు."

బాబాయి నేను రాసిన వరసల మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు.

"అయితే సగం పెట్టెలు ఊరికే మోశానన్నమాట."

"నడుం నొప్పి మాత్రం ఊరికే రాలేదుగా," అంది అమ్మ.

బాబాయి తల గోక్కున్నాడు. "కొత్తవి వద్దులే. పాతవాటి మూతలు బాగుచెయ్యి, చాలు," అన్నాడు వడ్రంగితో.

నా ప్రాణం లేచొచ్చింది. డైరీ తీసుకోబోయేలోపు బాబాయి పేజీ తిప్పేశాడు.

"ఇదేంటే? 'బాబాయి మీసంలో ఈగలు కాపురం పెట్టినా బాబాయికి తెలీదు'?"

"ఇచ్చెయ్ బాబాయీ."

"ఆగు, ఇంకా చాలా ఉన్నట్టుంది. గది రేపటి నుంచి నీది. ఇవాళ్టికి నాది," అంటూ డైరీతో నా గదిలోకి పోయి, నా మొహం మీదే తలుపు వేసుకున్నాడు.