పుల్లమ్మ గుటక

కాలరు తరువాత చేతులు, చేతుల తరువాత వీపు. ఎడమ అరచెయ్యి ముందు నడుస్తూ చొక్కా ముడతలు సాపుచేస్తుంటే, కుడిచేతిలోని ఇస్త్రీపెట్టె దాని వెనకాలే పోతోంది. ముక్కులోంచి వేలాడే పాలగొట్టం బట్టకు తగలకుండా పుల్లమ్మ దాన్ని చెవి వెనక అంటించుకుంది. ఎడమ కాలు ఇంకా కాస్త ఈడుస్తూనే ఉంది. పుల్లమ్మ అన్నది బక్కపలచగా ఉంటుందని చిన్నప్పుడెవరో పెట్టిన పేరు. అసలు పేరు ఇంట్లోవాళ్లకే గుర్తులేదు.

గొంతు లోపలి గోడకు గడ్డ లేచిందని నెల కిందట తేలింది. అది కోసేసిన చోట కొత్త గోడ కట్టడానికి ఆమె ఒంట్లోంచే ముక్క తియ్యాలంది డాక్టరమ్మ. ఛాతీ కండ గట్టిదే కానీ మందం, మింగుడు పడదు. తొడ మీదిది తీస్తే కాలు త్వరగానే కోలుకుంటుంది, కానీ కొవ్వు పట్టిన తొడైతే గొంతు పూడినంత పని. ముంజేతి చర్మం పలచన, చక్కగా ఇమిడిపోతుంది, కాకపోతే చేతి పట్టు కొంచెం తగ్గొచ్చు.

"ఎడమ ముంజేతి చర్మం తీసుకుందాం. పని చేసుకునేది కుడిచేత్తోనే కదా."

పుల్లమ్మ ఎడమచెయ్యి వెనక్కి లాక్కుంది. బట్ట ఆనుపానులు తెలిసింది ఎడమచేతికే. తన చంటిపాప ఎక్కి కూర్చునేదీ ఆ చేతి మీదే.

"తొడ పనికిరాదాండీ?"

డాక్టరమ్మ తొడ మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి చూసింది. మళ్లీ చూసింది.

"ఏం తింటావమ్మా నువ్వు?"

"నేనూ పెళ్లైనప్పట్నుంచి అదే అడుగుతున్నానండీ," అంది వెనక నిలబడ్డ అత్త. "గాలేస్తే పట్టుకోవాలి దీన్ని."

"ఇక తిట్టకండి. ఇదీ ముంజేతి చర్మమంత పలచగానే ఉంది. తొడే తీద్దాం."

తొడ ముక్కతో కట్టిన ఆ గోడ నిలిచిందో లేదో ఇవాళ తేలుతుంది. ఎక్కడైనా కారితే మళ్లీ కత్తి, మళ్లీ గొట్టం.

ఆఖరి చొక్కా మడిచి, పాపను చంకనేసుకుని అత్తతో ఆసుపత్రికి బయలుదేరింది. ఎక్స్‌రే గది గుమ్మం దగ్గర పాపను అత్తకిచ్చి లోపలికి వెళ్లింది. మందు కలిపిన తెల్లటి నీళ్లు గ్లాసులో ఇచ్చారు. పొరపోతుందేమోనని చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. తరువాత మింగింది.

తెర మీద తెల్లటి గీత ఒక్క చుక్కయినా పక్కకు పోకుండా తిన్నగా కిందికి దిగింది.

"ఇంకో గుటక," అంది డాక్టరమ్మ. పుల్లమ్మ గ్లాసంతా తాగేసింది. గొట్టం లాగేస్తుంటే ఒక తుమ్ము వచ్చింది, అంతే.

బయట అత్త లేచి నిలబడింది. "ఏమంటున్నారే?"

"ఆకలేస్తోంది అత్తా."

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "పద, పెడతాను. మరీ లావెక్కకు. గొంతులో ఉన్నదీ తొడే కదా."

పుల్లమ్మ నవ్వుతూ పాపను ఎడమచేత్తో అందుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. లోపల బల్ల మీద గ్లాసు బోర్లించి ఉంది. దాని అంచున పెదవుల తెల్లటి గుర్తు ఆరుతోంది.