ముల్లు ఫ్రిజ్ మీదే ఆగింది

మా ఆఫీసులో అందరి ఫోన్లూ ఇంగ్లీషులోనే ఉంటాయి. నేను చేరిన వారంలోనే పక్క సీటు రిహామ్ నా ఫోన్ చూసి, "ఏంటే నజ్లా, అరబీలో పెట్టుకున్నావా? మా నానమ్మ ఫోనూ ఇంతే!" అని నవ్వింది. ఆ సాయంత్రమే మార్చేశాను. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఏ బటన్ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని నెట్టుకొచ్చేదాన్ని. ఉద్యోగం ఉన్నన్నాళ్లే కైరోలో ఉండాలని, అది పోతే ఊరికి వచ్చేయాలని అన్నయ్య షరతు.

మాది ప్రకటనల కంపెనీ. రంజాన్‌కి ముందు ఒక టీ కంపెనీ కోసం, ఫోన్‌లో తిప్పే బహుమతుల చక్రం తయారుచేశాం. అది అన్ని ఫోన్లలో, అన్ని బ్రౌజర్లలో సరిగ్గా నడుస్తోందో లేదో చూడటం నా పని. ఆఫీసులోని పద్నాలుగు ఫోన్లలో తిప్పి చూసి, "బాగుంది" అని రాసి సంతకం పెట్టాను.

విడుదలైన మర్నాడు పొద్దున్నే గొడవ మొదలైంది. చక్రం తిప్పితే ముల్లు ఫ్రిజ్ బొమ్మ మీద ఆగుతోందట. కింద మాత్రం "మీకు ఒక టీ పొట్లం" అని వస్తోందట.

మేనేజర్‌ని మేం ఉస్తాజ్ వజీహ్ అంటాం, సార్ అన్నట్టు. ఆయన నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "జనాల డొక్కు ఫోన్లదే తప్పని రిపోర్టు రాయి."

"ఒక్క నిమిషం, ఉస్తాజ్." నా ఫోన్‌ని అరబీకి మార్చాను. అరబీ చదివే తీరున పేజీ కుడి నుంచి ఎడమకి సర్దుకుంది. దాంతోపాటు చక్రం మీది బొమ్మలూ అద్దంలోలా తారుమారయ్యాయి. గెలుపు నిర్ణయించే లెక్క మాత్రం పాత వరుసలోనే ఉంది. తిప్పాను. ముల్లు ఫ్రిజ్ మీద ఆగింది. కింద, టీ పొట్లం.

"మన దేశంలో అరబీ ఫోన్ దొరకలేదా నీకు?"

"అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. నాదీ అంతే."

ఆయన ఒక తెల్ల కాగితం నా ముందుకు తోశాడు. "నిజం రాస్తే తప్పు నీది, బాగుందని సంతకం పెట్టింది నువ్వే. ఫోన్ల మీదికి నెడితే ఎవరిదీ కాదు. రాసేదాకా ఇక్కడే కూర్చో."

ఆ గదికి కిటికీ లేదు. ఎటు రాసినా నాకు దారి కనిపించలేదు: నిజం రాస్తే ఉద్యోగం పోతుంది, అబద్ధం రాస్తే మోసపోయిన జనాల మీదికే తప్పు నెట్టాలి. చివరికి చూసింది చూసినట్టే రాశాను.

ఆయన చదివి కాగితం మడిచాడు. "నెలాఖరుదాకా ఉండు. ఆ తర్వాత రానక్కర్లేదు. అప్పటిదాకా వచ్చే ప్రతి ఫోనూ నువ్వే ఎత్తు."

మొదటి ఫోన్ మన్సూరా అనే ఊరి నుంచి, ఒక పెద్దావిడ. "అమ్మాయ్, ఫ్రిజ్ ఎప్పుడు పంపుతారు? పాతది మా చెల్లెలికి ఇచ్చేశా."

"అది మా తప్పమ్మా. చక్రం తప్పు చూపించింది."

"సరేలే తల్లీ, తప్పులు ఎవరు చేయరు? ఇంతకీ ఎప్పుడు పంపుతారు?"

పక్కన రెండో ఫోన్ కూడా మోగడం మొదలుపెట్టింది.