బెట్ట

"రేపట్నుంచి తోటకి నీళ్ళు పెట్టకు," అన్నాడు మా ఆయన. నేను గిన్నెలు తోముతున్నాను. సరిగ్గా వినపడలేదేమో అనుకుని కుళాయి కట్టేసి వెనక్కి తిరిగాను. మళ్ళీ అదే మాట, కూరలో ఉప్పు తక్కువైంది అన్నంత మామూలుగా.

సంగతేమిటంటే, నగరం మా తోట గట్టు దాకా వచ్చేసింది. అవతలి పొలంలో అప్పుడే అపార్ట్‌మెంట్లు లేచాయి. మా వైపు భూముల్ని కూడా సాగు నుంచి తప్పించి ఇళ్ళకి వదలాలా వద్దా అని నగరపాలక సంస్థవాళ్ళు తేలుస్తున్నారట. పచ్చగా కాపు కాస్తున్న తోటల జోలికి రారట. ఎవరూ పట్టించుకోక ఎండిపోయిన నేలైతే ఇళ్ళ స్థలంగా మార్చేస్తారట. వచ్చే నెలాఖరున అధికారి స్వయంగా చూడ్డానికి వస్తాడు. అప్పటికల్లా మా నిమ్మతోట ఎండిపోయి కనపడాలి. ఎండబెట్టాల్సింది ఎవరయ్యా అంటే, పెంచిన నేనే.

తోట మామగారి నుంచి మా ఆయనకి వచ్చింది. మా ఆయన బైకులమ్మే షాపులో మేనేజరు. ఆదివారం స్నేహితులొస్తే చెప్పులకి మట్టి అంటకుండా గట్టు మీద నిలబడి "మా తోట" అని చూపిస్తాడు. పాదులు తవ్వేది, ఎరువేసేది, చేతులు ముళ్ళకి గీరుకుపోతున్నా కాయలు కోసి మార్కెట్టుకి పంపేది నేను. పెళ్ళయిన కొత్తలో అత్తయ్య నేర్పింది. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాక మొత్తం నా నెత్తిన పడింది. పడింది అంటున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, నాకు ఊపిరాడేది ఆ చెట్ల మధ్యే. మా ఆయన దృష్టిలో మాత్రం అది పని కాదు. మీ ఆవిడ ఏం చేస్తారని ఎవరైనా అడిగితే, ఖాళీయే, ఇంట్లోనే ఉంటుంది అంటాడు. ఆ రోజు కాస్త ప్రేమగా చెప్పాడు. స్థలం అమ్మి ఫ్లాటు తీసుకుందామట, ఇక నేను కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చట. అలా కూర్చున్న నన్ను ఊహించుకున్నాను. ఆయన పిలిస్తే పలకడానికి తప్ప మరెందుకూ అక్కర్లేని మనిషి. భయమేసింది. వద్దండీ అనడానికి ఇంకా భయమేసింది. తలూపాను.

మోటారు ఆపేశాను. ఎండలు ముదిరాయి. ఆకులు ముడుచుకున్నాయి, పసుపు రంగుకి తిరిగాయి, రాలడం మొదలుపెట్టాయి. పొద్దున్నే అలవాటు కొద్దీ వెళ్ళేదాన్ని, చేసేందుకు పనిలేక చెట్ల మధ్య దొంగలా కాసేపు నిలబడి వచ్చేసేదాన్ని. మా ఆయన ఓ ఆదివారం వచ్చి చూసి తెగ మురిసిపోయాడు. నా భుజం తట్టి, ఇన్నాళ్ళకి దారికొచ్చావన్నాడు. ఆ చెయ్యి తగిలిన చోట ఒళ్ళు జలదరించింది.

ఆ సాయంత్రం అత్తయ్య కాళ్ళకి నూనె రాస్తుంటే, ఆకు ఎంత రాలిందని అడిగింది. సగం దాకా అన్నాను. నూనె రాస్తున్న నా చెయ్యి పట్టుకుని ఆపిందావిడ.

"బెట్ట సరిపోయిందే. ఇంకా ఆపితే కొమ్మ చస్తుంది," అంది.

నాకు తెలియక కాదు. తెలిసింది తలుచుకోడానికి కూడా ధైర్యం చాలక ఊరుకున్నాను. నిమ్మ విరగబూయాలంటే కొన్నాళ్ళు నీళ్ళు ఆపేస్తాం. చెట్టు వాడి, ఆకు రాల్చాక ఒక్కసారిగా తడి పెడితే కొమ్మకొమ్మా పూస్తుంది. అలా వాడబెట్టడాన్నే బెట్ట అంటాం. కొత్తలో నేను అలిగి అన్నం మానేస్తే, చెట్టుకి బెట్ట పెట్టమంటే నువ్వు బెట్టు చేస్తావేమే అని ఇదే అత్తయ్య ఆటపట్టించేది. మా ఆయనకి ఈ సంగతేదీ తెలీదు. ఆయన అందరికీ చూపించిన తోటే గానీ చేసిన తోట కాదుగా.

"నేను చెప్పానని వాడితో అనకు," అని అత్తయ్య గోడ వైపు తిరిగి పడుకుంది. కన్నకొడుకంటే ఆవిడకీ భయమే.

మర్నాడు ఆయన షాపుకి వెళ్ళగానే మోటారు స్విచ్చి మీద చెయ్యి పెట్టాను. వేశాను. నీళ్ళు పాదుల్లోకి పరుగెడుతుంటే రోడ్డు మీద ప్రతి బైకు చప్పుడూ ఆయనదే అనిపించింది. ఎండిపోయిన తోటతో ఇక పనేముందని ఆయన అటు తొంగిచూడలేదు. కొత్త చిగురొచ్చింది, మొగ్గలొచ్చాయి, పూత విచ్చుకుంది. పూత చూసి ఏటా గంతులేసేదాన్ని, ఈసారి గాలికి కూడా భయపడ్డాను. గాలి ఇంటి వైపు తిరిగితే కిటికీలు మూసేదాన్ని. ఒక పొద్దున ఆయన టిఫిన్ తింటూ ముక్కు ఎగబీల్చి, ఏమిటే ఈ వాసన అన్నాడు. సబ్బు మార్చానండీ అన్నాను. నా సోకు మీద ఏదో జోకేసి వెళ్ళిపోయాడు. తలుపేసుకుని నేలమీద కూలబడ్డాను.

అధికారి జీపు దిగకముందే మా ఆయన మొదలుపెట్టాడు. ఎన్నాళ్ళనుంచో ఎవరూ సాగు చెయ్యట్లేదు, చెట్లన్నీ పోయాయి, వట్టి నేల. చెబుతూనే గట్టెక్కాడు. తోటంతా తెల్లగా ఉంది. తేనెటీగల హోరుకి ఆయన మాట ఆయనకే వినపడలేదేమో, ఆగిపోయాడు. అధికారి ఒక కొమ్మ వంచి చూసి, ఎండిపోయిందన్నారు, మరి ఇదేమిటని అడిగాడు.

"వాటంతటవే పూశాయండీ," అన్నాడు మా ఆయన.

ఆయన అబద్ధమాడాడని నేననుకోను. మా ఇంట్లో అన్నం దానంతటదే ఉడుకుతుంది. బట్టలు వాటంతటవే ఉతుక్కుని, మడత పెట్టుకుని బీరువాలోకి వెళతాయి. ముసలావిడ కాళ్ళకి నూనె దానంతటదే అంటుకుంటుంది. పూలు మాత్రం ఎందుకు పూయవు? ముందుకొచ్చాను.

"నేనే నీళ్ళు పెట్టానండీ. ఈ తోట చేసేది నేనే. ఎండబెట్టమన్నారు, నా చేతులు రాలేదు."

అధికారి నా వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. మా ఆయన నవ్వాడు. నా దగ్గరకొచ్చి, మోచెయ్యి మెత్తగా పట్టుకుని, "పద, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం," అన్నాడు.

మా ఆయన నలుగురిలో గొంతు పెంచే మనిషి కాదు. ఇంటికెళ్ళాక గది తలుపు గడియ పెడతాడు. అత్తయ్యకి వినపడకుండా ఫ్యాను పెద్దది చేస్తాడు. నేను కూర్చోకూడదు. తప్పు నాదే అని నా నోటితో నేను అనేదాకా, నెమ్మదిగా, ఒక్కో మాటే చెబుతాడు. ఒంటి మీద దెబ్బ పడదు కాబట్టి చూపించుకోడానికేమీ ఉండదు.

మోచెయ్యి మీద పట్టు బిగిసింది. నేను అడుగు కదపలేదు.

"ఇంటికెందుకండీ," అన్నాను, అధికారికి వినపడేలా, "అక్కడ మాట్లాడేదేదో ఇక్కడే మాట్లాడండి."