బెంట్ కెటిల్స్‌కి రెండు ఆధారాలు

ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో, బర్నీ అనే ఊళ్లో చేపల కొట్టు నడిపే ట్రెవ్, అతని భార్య గ్లెనిస్ ఒకప్పుడు బెంట్ కెటిల్స్ అనే బ్యాండ్‌లో ఉండేవారు. అతను పాడేవాడు, ఆమె డ్రమ్స్ వాయించేది. పదకొండేళ్లు టాస్మేనియా పబ్బులన్నీ తిరిగి, రెండు క్యాసెట్లు తెచ్చి, ఎనభై తొమ్మిదిలో ఆపేశారు. ఈ మార్చిలో గ్లెనిస్ ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో తమ బ్యాండ్ మీద ఓ పేజీ రాసింది. మూడో రోజుకల్లా దాన్ని తీసేయాలని చర్చ మొదలైంది.

అక్కడ పన్నెండేళ్లుగా స్వచ్ఛందంగా పనిచేస్తున్న కెరిన్ కంట ఆ చర్చ పడింది. ఊరి లైబ్రరీలో పనిచేసి రిటైరైన కెరిన్ ట్రెవ్ దగ్గరే చేపలు కొంటుంది. అందుకే "వీళ్లు నాకు తెలిసినవాళ్లు, ఉంచాలో తీసేయాలో ఓటు వెయ్యను. ఆధారాలు మాత్రం వెతుకుతాను" అని ముందే రాసి పెట్టింది.

శుక్రవారం కొట్టుకి వెళ్లేసరికి గ్లెనిస్ మండిపడుతోంది.

"వారమే గడువట! మేమేమన్నా దొంగలమా?"

"నీ గురించి నువ్వే రాసుకుంటే ఎవరొప్పుకుంటారే? బయటివాళ్లు వివరంగా రాసినవి రెండైనా ఉండాలి" అంది కెరిన్.

"మా చెల్లెలు పేపర్లో రాసిందిగా!"

"మీ చెల్లెలు బయటిదా?"

లోపల చేపలు కోస్తున్న ట్రెవ్ "పోనిద్దురూ, వదిలెయ్యండి" అన్నాడు, అవసరానికి మించిన తొందరతో.

కెరిన్ వదల్లేదు. టాస్మేనియా పబ్బుల సంగీతం మీద ఓ ప్రొఫెసర్ రాసిన పుస్తకంలో వీళ్ల మీద రెండు పేజీలున్నాయి. అందులో, వీళ్ల గురించి రాసిన ఓ హోబర్ట్ నగర పత్రిక పేరు, తేదీ ఉన్నాయి. లైబ్రరీలో పాత సంపుటం దించి చూస్తే అర పేజీ సమీక్ష! "ఈ గాయకుడి గొంతు తలుపు సందులో తోక ఇరుక్కున్న పిల్లిది. మూడు పాటలు విన్నాను, మూడూ ఒకటే. అయినా ఒక్కరూ లేచి వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు." కెరిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఇది ట్రెవ్‌కి ఎలా చూపించాలా అని బెంగపడింది.

సోమవారం కాపీ చూడగానే ట్రెవ్ ముఖం ఎర్రబడింది. "గ్లెనిస్‌కి చూపించకు!"

అప్పటికే ఆమె లాక్కుంది. చదివి, నవ్వాపుకోలేక ఐసు పెట్టె మీద కూలబడింది. "ఇది అచ్చయిన వారం ఊళ్లో ఈ పత్రికలన్నీ మాయం చేసింది నువ్వా?"

"అన్నీ కాదు. పదిహేడు."

"పొగిడారా తిట్టారా అన్నది లెక్కలోకి రాదు ట్రెవ్. ఎవరో పరాయి మనిషి కూర్చుని అర పేజీ రాశాడు, అదే కావాలి. కానీ ఇది చూపిస్తే పేజీలోనూ ఆ మాట రాయాలి" అంది కెరిన్.

"పిల్లి కూడానా?"

"పిల్లి కూడా."

అతను ఏప్రాన్‌కి చేతులు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. "సరే, పెట్టు. ఎవరూ లేచి వెళ్లలేదని కూడా రాయాలి మరి!"

కెరిన్ రెండు ఆధారాలూ చర్చలో పెట్టింది. తీసేయాలన్న పెద్దమనిషే "ఇవి చాలు, ఉంచండి" అని మాట మార్చుకున్నాడు. పేజీ నిలిచింది. గ్లెనిస్ రాసిన ఏడు 'అద్భుతం'లు మాత్రం కెరిన్ కత్తెరకి పోయాయి. "ఒక్కటైనా ఉంచవే, రాక్షసీ!" అని గ్లెనిస్ బతిమాలింది గానీ లాభం లేకపోయింది.

ఆ మధ్యాహ్నం కొట్టు వెనక మెట్ల మీద సముద్రం కేసి కూర్చుని ముగ్గురూ వేయించిన చేపలు తిన్నారు. అప్పట్లో బ్యాండ్‌లో గిటార్ వాయించిన కాలిన్‌కి ట్రెవ్ ఫోన్ చేసి, నూనె వేళ్లు నాక్కుంటూ, సమీక్ష మొత్తం గట్టిగా చదివి వినిపించాడు.