పేడగుంట తూర్పు మూల

మరిది తన ఇంటి నుంచి మంచినీళ్ల సీసా తెచ్చుకోవడం మొదలుపెట్టిన రోజే వదినకు అనుమానం పుట్టింది. డెయిరీలో నిండు బావి ఉండగా ఈ చోద్యం దేనికి? అడిగితే, ఆ నీళ్లు గొంతుకు పడట్లేదన్నాడు.

డెయిరీలో పేడనీళ్ల గుంట కట్టించింది అతనే. అడుగున బంకమట్టిని తడిపి, పొర మీద పొర వేసి, ఒక్కో పొరనూ రోలర్‌తో తొక్కించానని చెప్పుకునేవాడు. మురుగు భూమిలోకి ఇంకకుండా ఆపేది ఆ మట్టే. గుంటకు దిగువనే బావి. వదిన ఇంటికీ ఆ బావి నీళ్లే. అవి తాగుతున్న ఆమె కోడలికి నెలలు నిండుతున్నాయి.

ఎండకు ఎన్ని నీళ్లు ఆవిరవుతాయో చూడాలని వదిన గట్టు మీద నీళ్ల తొట్టి పెట్టి, గుంటలోకి వచ్చే కాలువను మూయించింది. ఎండకు తొట్టి వేలెడు తగ్గేసరికి గుంట జానెడు తగ్గింది. మిగతాది ఎక్కడికి పోయినట్టు? మట్టిలో కక్కుర్తిపడి ఇంటి మనిషే కొంప ముంచాడా?

గుంట తోడించింది. మరిదిని పక్కన నిలబెట్టి, తన చేత్తోనే అడుగున, మట్టిని తొలిచి పైకి తీసే బరమా దింపింది. మూరెడు లోతు దాకా బంకమట్టి మైనంలా వచ్చింది. మరో చోట దింపినా అంతే. ఆమె ముఖం చిన్నబోయింది. గెలిచిన మనిషి నవ్వాలి కదా, అతనికి మాత్రం చెమటలు పట్టాయి. ఆమె తూర్పు మూలకు కదలగానే అడ్డం వచ్చాడు.

"అటు వద్దు వదినా, జారుతుంది."

"జారితే నేను పడతాను. నీకేం?"

ఆ మూలలో పెద్ద గొయ్యి. బంకమట్టి జాడే లేదు, ఒట్టి ఇసుక. పైన పేడ కలిపే మిక్సర్. సిమెంటు గచ్చు మీద తిరగాల్సిన ఆ యంత్రాన్ని పొలం పైపుకు దగ్గరవుతుందని ఎవరో ఇటు జరిపారు. దాని ఫ్యాను ధాటికి మట్టంతా లేచిపోయింది.

"ఎవరు జరిపారు?"

మరిది తల వంచుకున్నాడు. "ఎవరైతేనేం, తెలియక చేసిందే వదినా. గుంట ఖాళీ అయినప్పుడు నేనే పూడ్చేద్దామనుకున్నా."

"అందాకా నీ గొంతు నువ్వు కాపాడుకున్నావు. మరి కోడలి కడుపులో బిడ్డో?"

ఆమె బురదకాళ్లతోనే వంటింట్లోకి నడిచి, కోడలి చేతిలోని గ్లాసు లాక్కుంది. బిందె ఎత్తి వాకిట్లో కుమ్మరించింది. చప్పుడుకు కొడుకు పరుగున వచ్చాడు.

"ముందు బావి మోటారు ఆపు. తర్వాత, మిక్సర్ని గచ్చు మీంచి ఎవరు జరిపారో చెప్పు. మీ బాబాయి చెప్పట్లేదు."

కొడుకు తల్లిని చూడలేదు. భార్య కడుపు వైపు చూశాడు. "నేనే అమ్మా, పైపుకు దగ్గరని..."