తాటిచెట్టెక్కిన పడవ

బందరు కాలవ రేవులో పడవల యజమానులందరం పొద్దున్నే టీ బడ్డీ దగ్గర చేరేవాళ్ళం. అక్కడ మాకో కట్టుబాటు ఉండేది. ఎవడెన్ని కోతలు కోసినా నోరు మూసుకుని వినాలి. "అబద్ధం" అన్నవాడు అందరికీ టీలు పోయించాలి. నేను నోరు ఆపుకోలేని మనిషిని. లారీలొచ్చి మా బేరాలన్నీ పడిపోయిన ఆ రోజుల్లో కూడా టీలు పోయించేది ఎప్పుడూ నేనే.

కోతలు కొయ్యడంలో జక్కయ్యను మించినవాడు లేడు. "గాలివానకి నా పడవ తాటిచెట్టెక్కిందయ్యా. దిగిందాకా ముంజలు తిని బతికాం" అనేవాడు. నేను "అబద్ధం" అనగానే రేవు వైపు తిరిగేవాడు. పడవలో వంట చేసుకుంటున్న అతని భార్య శౌరమ్మ తలెత్తకుండానే, "నిజమేనండీ అన్నయ్యగారూ, ముంజలు భలే లేతగా ఉన్నాయి" అని సాక్ష్యం చెప్పేది. ఆ మొగుడూ పెళ్ళాలను చూస్తే నాకు ఒళ్ళు మండేది, నవ్వూ వచ్చేది.

డెబ్భై ఏడు నవంబరులో వాళ్ళిద్దరూ లోడు కోసం దివిసీమ వెళ్ళారు. ఉప్పెన వచ్చింది అప్పుడే.

చాలా రోజులకు జక్కయ్య ఒక్కడే తిరిగొచ్చాడు, బస్సులో. పడవవాడు బస్సు దిగి రావడం చూసి అందరం జరిగి చోటిచ్చాం. బల్ల మీద కూర్చుని తనే మొదలుపెట్టాడు.

"లోడు మాట్లాడ్డానికి ఊళ్ళోకి బయల్దేరుతుంటే గాలి లేచింది. శౌరమ్మ తనూ వస్తానంది. నేనే వద్దన్నా. ఇళ్ళు మునుగుతాయిగానీ పడవ మునగదే, తెరచాప కొయ్యకి తాడుతో కట్టేసుకు కూర్చో అన్నా. నీళ్ళొస్తే నేను చర్చి మీదకెక్కి బతికా. పడవ నిజంగానే మునగలేదు. తెల్లారి చూస్తే రెండు తాటిచెట్ల మీద ఇరుక్కుని ఉంది. కొయ్యకి కట్టుకున్నది కట్టుకున్నట్టే ఉంది శౌరమ్మ. ఊపిరి లేదు."

మాలో ఎవరైనా భార్యకు పడవలోనే ఉండమనే చెబుతాం. నేనూ అదే చెప్పేవాణ్ణి.

"ఒక్కరన్నా అబద్ధమనండయ్యా" అన్నాడు జక్కయ్య. "టీలు నేనే పోయిస్తా. వెంకటప్పయ్యా, నువ్వన్నా అను."

అతని మొహం చూడలేక, "అబద్ధం" అన్నాను.

జక్కయ్య అలవాటుగా రేవు వైపు తిరిగాడు.