మూడు పేజీల చప్పుడు

పిల్లల్ని ఎందుకు కంటారని మనుషుల్ని అడగడమే ఆమె ఉద్యోగం. అడిగి, చెప్పింది విని, విన్నదానికి ఫారంలో ఉన్న తొమ్మిది కారణాల్లో ఏదో ఒకటి వెతికి, దాని అంకెను గడిలో వేయాలి. పదకొండు నెలలుగా అదే పని. ఎండకు గొడుగు, కుక్కకు బిస్కెట్టు, తలుపు తీయనివారికి చిరునవ్వు సంచిలో వేసుకుని, వీధి తరువాత వీధి, మెట్టు తరువాత మెట్టు, గుమ్మం తరువాత గుమ్మం తిరిగింది.

ఫారంలోని కారణాలు ఇస్త్రీ మడత నలగనివి: ఆర్థిక స్థిరత్వం, ఆరోగ్యం, కుటుంబ ప్రోత్సాహం. జనం చెప్పేవి దండెం మీంచి జారిపడిన బట్టల్లాంటివి.

"మొదటివాడి బట్టలు కొత్తగానే ఉన్నాయండీ. ఎవరికో ఇచ్చెయ్యడానికి మనసొప్పలేదు. అందుకని రెండోది," అంది ఒక ఇల్లాలు.

"మా తోడికోడలికి అప్పటికే మూడో నెల. నేను వెనకబడతానా?" అంది ఇంకొకామె.

లెక్కల మాస్టారొకాయన, "ఆ వారమంతా టీవీ పాడై ఉందమ్మా," అని, భార్య చూసిన చూపుకు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పిల్లలు వద్దనుకున్న బ్యాంకు ఉద్యోగిని మాత్రం క్లుప్తంగా తేల్చేసింది: "మా అక్క కొడుకును చూశారా? చూసుంటే ఈ ప్రశ్న అడగరు."

కన్నవాళ్ల కారణాలన్నిటికీ ఆమె తొమ్మిదో అంకె వేసేది. తొమ్మిది అంటే 'ఇతరములు'. నెలాఖరున కట్టలు తిరగేస్తూ పైఅధికారిణి తల పట్టుకునేది.

"ఏమిటమ్మా ఇది? దేశంలో సగం మంది ఇతరముల వల్లే పుట్టారని పైకి రాసి పంపమంటావా?"

"ఉన్నదే రాశాను మేడమ్."

"ఇతరములైనా సరే భరిస్తాను. 'చెప్పలేను' అని మాత్రం రాసుకురాకు. వాళ్లు చెప్పలేకపోవడం కాదు, నీకు అడగడం రాలేదని అర్థం."

ఆ మాట ఆమెకు ఒంటబట్టింది. పదకొండు నెలల్లో ఒక్క 'చెప్పలేను' కూడా ఆమె ఫారాల్లో లేదు. నసిగేవాళ్లను నయాన, నీళ్లు నమిలేవాళ్లను నవ్వించి, ఇక పిల్లల్ని కనే ఉద్దేశం ఉందనో లేదనో చెప్పించేదాకా ఆమె గుమ్మం దిగేది కాదు. ఆఫీసులో ఎవరికీ లేని రికార్డు అది.

ఇంతమందికి నోరు విప్పించిన మనిషి ఇంట్లో మాత్రం ఓడిపోయింది.

పెళ్లయి నాలుగేళ్లు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అత్తగారు ప్రతి సోమవారం ఫోను చేసి, "ఏం లేదమ్మా, ఊరికే చేశాను," అనేది. ఆ ఊరికేలో ఊరంతా ఉండేది. తల్లిది ఇంకో దారి. "నీ ఇష్టమే తల్లీ. కాకపోతే నా మోకాళ్లను కూడా ఓ మాట అడుగు. ఇంకో రెండేళ్లయితే ఇవి ఎవర్నీ ఎత్తుకోనివ్వవు." పై వాటా ఆవిడ మెట్ల మీద ఎదురైతే ముందు ఆమె పొట్ట వంకా, తరువాత ముఖం వంకా చూసి పలకరించేది.

ఆమెలో ఒక కోరిక ఉంది. ఎప్పుడు వచ్చి చేరిందో తెలియదు. అది తనదేనా అన్నదే ఆమెకున్న బాధ. మూడు వేల ఇళ్లలో మూడు వేల కారణాలు విన్నాక ఎవరి కారణం మీదా ఆమెకు నమ్మకం మిగలలేదు, తన కారణం మీద అసలే లేదు. సభ ముగిశాక గుమ్మం ముందు చెప్పుల గుట్టలో తన జత ఏదో పోల్చుకోలేక నిలబడ్డట్టుండేది ఆమె పరిస్థితి. కనీసం భర్త మనసేమిటో తెలిస్తే ఒక జత తగ్గుతుంది. అందుకే అడిగేది.

"ఏమండీ, మనకు పిల్లలు కావాలా, వద్దా?"

"నీ ఇష్టం."

"మీ ఇష్టం చెప్పండి."

"నీ ఇష్టమే అంటున్నాగా."

అది అతడి వృత్తి గొంతు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లతో తలుపు బయటినుంచి అతడు అలాగే మాట్లాడేవాడు: "కంగారు పడకండి. కూర్చుంటారా, నిలబడతారా, మీ ఇష్టం. నేనిక్కడే ఉన్నాను." ఒకసారి ఆమె మండిపడింది.

"నేనేమన్నా లిఫ్టులో ఇరుక్కున్నానా?"

"లేదూ?" అని నవ్వి, అతడు పానాలు సర్దుకుని డ్యూటీకి పోయాడు.

అలాంటి రోజుల్లో సర్వేకు కంప్యూటరు తీసిన ఇళ్ల జాబితాలో వాళ్ల ఇంటి నంబరే వచ్చింది. సర్వే సిబ్బంది ఇల్లయినా మినహాయింపు లేదు. అయితే తన ఇంటి ఫారం తాను నింపకూడదు, వేరొకరు రావాలి. భార్యాభర్తల్ని విడివిడిగా, ఒకరి మాట ఒకరికి వినబడకుండా అడగాలి. నాలుగేళ్లుగా తనకు దొరకని జవాబు ఆదివారం పది గంటలకల్లా ప్రభుత్వానికి దొరకబోతోంది.

వచ్చినవాడు కామా గారు. ఆఫీసులో అందరికంటే పెద్దవాడు. ఏ వాక్యానికైనా నడిమధ్యలో ఆగి గుక్క తిప్పుకుంటాడు కనుక ఆ పేరు.

"అమ్మాయ్, ముందు మీ ఆయన్ని అడుగుతాను, నువ్వు వంటింట్లోకి వెళ్లి, తలుపు వేసుకుని, మాటలు విననని, ఒట్టు."

"ఒట్టు మాస్టారూ. ఒక్క మాట కూడా వినను."

వినలేదు. ఒట్టు మాటలకే వేసింది, కాగితాల సంగతి ఆయన అడగలేదు. ఆమె తలుపు వేసుకుని, కొళాయి కట్టేసి, గురగురలాడే ఫ్రిజ్ స్విచ్ కూడా ఆపి, గోడకు చెవి ఆనించింది.

ఆ ఫారం ఆమెకు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. పన్నెండో ప్రశ్న: 'ఇకమీదట బిడ్డను కనాలనే ఉద్దేశం మీకు ఉందా?' ఉంది అంటే ఒక పేజీ తిప్పాలి, పదమూడో ప్రశ్న కారణం అడుగుతుంది. లేదు అంటే ఆ కారణాలతో పని లేదు, మూడు పేజీలు దాటి ఇరవయ్యేడో ప్రశ్నకు పోవాలి. కాగితం మందం. కామా గారు బొటనవేలు తడి చేసుకోనిదే పేజీ తిప్పడు. ఇంకేం కావాలి?

అవతల గొణుగుడు సాగింది, ఆగింది, మళ్లీ సాగింది. ఆపైన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో బొటనవేలు నాలుకకు తగిలిన చప్పుడు.

ఫర్ర్. ఇక్కడితో ఆగితే 'ఉంది'.

ఫర్ర్.

ఫర్ర్.

ఆమె చేతిలో ఒక గరిటె ఉంది. దాన్ని కడిగింది. తుడిచింది. మళ్లీ కడిగింది. నాలుగేళ్లు, నీ ఇష్టం, నీ ఇష్టం అంటూ, కడుపులో ఈ మాట దాచుకుని! మొదటిసారి కడిగినప్పుడు దుఃఖం, రెండోసారి కోపం. మూడోసారి కడుగుతూ ఉండగా కామా గారు తలుపు తట్టాడు.

తన వంతు వచ్చింది. భర్త బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

"నీకు ఈ ఫారం, నాకన్నా బాగా తెలుసు, అయినా చదవాలి, రూలు," అన్నాడు కామా గారు. పదకొండు ప్రశ్నలూ పరుగెత్తినట్టే గడిచాయి. పన్నెండోది వచ్చింది.

"ఇకమీదట బిడ్డను కనాలనే ఉద్దేశం, మీకు ఉందా?"

ఒంటిచేత్తో చప్పట్లు మోగవు. వద్దనే మగవాడి పక్కన కావాలనే ఆడదానిగా రికార్డుల్లోకి ఎక్కడం ఆమె పౌరుషానికి సరిపడలేదు.

"లేదు," అంది.

కామా గారు ఆమె వంక ఒక్క క్షణం చూశాడు. ఏదో అనబోయి రూలు గుర్తొచ్చి ఊరుకున్నాడు. బొటనవేలు తడి చేసుకుని మూడు పేజీలు తిప్పాడు. సంతకాలయ్యాయి. టీ తాగాడు. "చక్కెర, బాగా సరిపోయింది, ఉంటాను," అని మెట్లు దిగాడు.

సంతకాలయ్యాక ఫారంలో అక్షరం మార్చడానికి లేదు. అదీ రూలే.

ఆమె టీ కప్పులు టక్కున పెట్టిన తీరుకే అతడికి విషయం కొంత అర్థమైంది.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. మీకు పిల్లలు వద్దని తెలిసింది, అంతే. ఆ ముక్క ఏదో నాలుగేళ్ల కిందట చెప్పుంటే మీ అమ్మగారి ఫోన్లు మీకే ఇచ్చేదాన్ని."

"నేను వద్దనలేదే!"

"మూడు పేజీలు తిరిగాయి!"

"ఏం తిరిగాయి?"

చెప్పింది. ఉందంటే ఒకటి, లేదంటే మూడు, ఫ్రిజ్ ఆపడంతో సహా. అతడు నోరు తెరుచుకుని విన్నాడు.

"నేను అన్నది, 'అది మా ఆవిడ ఇష్టమండీ' అని. అలా కుదరదు, మీ ఉద్దేశం చెప్పండి అన్నాడు. నా ఉద్దేశం కూడా మా ఆవిడ ఇష్టమే అన్నాను. పాపం కాసేపు ఆలోచించి, 'చెప్పలేను' అని రాసుకున్నాడు. ఆఫీసులో తిడతారు, ఫర్వాలేదులెండి అన్నాడు."

ఆమె సంచిలోంచి ఖాళీ ఫారం లాగి పన్నెండో ప్రశ్న తీసింది. ఉంది. లేదు. వాటి కింద మూడో వరుస, చిన్న అక్షరాల్లో: చెప్పలేను. దాని పక్కన బాణం గుర్తు, ఇరవయ్యేడుకు పొమ్మని. పదకొండు నెలలుగా తన పెన్ను తాకని వరుస అది. తాకనిది ఉందనే మరిచిపోయింది.

"మరి నువ్వేం చెప్పావు?" అన్నాడతడు.

"లేదని."

"నీకు వద్దా?"

"మీకు వద్దేమో అనుకుని వద్దన్నాను!"

"నేను వద్దనలేదంటే—"

"కావాలనీ అనలేదుగా!" కోపం వస్తే ఆమె 'మీరు' మీంచి దిగిపోయేది. "సర్వేకి కూడా నా పేరే చెబుతావా నువ్వు? గోడలకు కూడా వినపడని చోట కూర్చోబెట్టి, నీకేం కావాలయ్యా అని ప్రభుత్వం అడిగితే, అప్పుడు కూడా మా ఆవిడ ఇష్టమా? నీకంటూ ఒక ఇష్టం ఏడ్చిందా, లేదా?"

అతడు కుర్చీలో కూలబడ్డాడు.

"మా అమ్మ నెడుతోంది. మీ అమ్మ నెడుతోంది. పై వాటా ఆవిడ కళ్లతోనే నెడుతోంది. మధ్యలో నేనూ ఒక చెయ్యి వేస్తే నువ్వెక్కడ నిలబడతావు? బరువెక్కువైతే లిఫ్టు కదలదు తెలుసా? ఎవరో ఒకరు దిగాలి. నేను దిగాను."

"నిన్ను నెట్టమనలేదు. నా పక్కన నిలబడి నీకేం కావాలో చెప్పమన్నాను. పక్కన మనిషే లేకుండా దిగిపోతే ఎలా?"

ఆమె పెన్ను మూత తీసి, ఫారం ఒళ్లో పెట్టుకుని, ఆఫీసు గొంతు సవరించుకుంది.

"ప్రశ్న పన్నెండు. ఇకమీదట బిడ్డను కనాలనే ఉద్దేశం మీకు ఉందా? చెప్పలేను అంటే నేను ఊరుకోను. నా రికార్డు తెలుసుగా."

అతడు చొక్కా మీది గ్రీజు మరకను గోటితో గీకాడు.

"ఉంది," అన్నాడు.

ఫర్ర్. ఒకే ఒక పేజీ.

"ప్రశ్న పదమూడు. ముఖ్య కారణం?"

"నవ్వకూడదు."

"మూడు వేల ఇళ్లలో నవ్వలేదు. చెప్పండి."

"కిందటి వానాకాలం. ఒక అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగింది. లోపల ఆరేళ్ల పిల్ల, ఒక్కతే, స్కూలు సంచితో. నేను బయటినుంచి కంగారు పడకు పాపా, నేనిక్కడే ఉన్నాను అన్నా. అదేమందో తెలుసా? 'అంకుల్, మీరు బయట ఇరుక్కున్నారా?' అంది."

ఆమె పెదవి కొరుక్కుంది.

"నాకేమీ తోచడం లేదనుకుందో ఏమో, పాపం నాకు కథ చెప్పడం మొదలుపెట్టింది. ఒక చీమ విమానం ఎక్కుతుంది. టిక్కెట్టు లేదు. ఇంకా ఎక్కడికో పోతోంది కథ. ఈలోగా నా పని అయిపోయింది. తలుపు తీసెయ్యొచ్చు. తియ్యలేదు."

"అంటే?"

"రెండు నిమిషాలు ఆగాను. చీమ దిగుతుందా లేదా అని. మా సూపర్‌వైజరుకు తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. తరువాత తలుపు తీశాను. వాళ్లమ్మ ఎత్తుకుపోయింది. చీమ సంగతి తేలనే లేదు. ఇంటికొచ్చి నీతో చెబుదామనుకున్నా. చెబితే అది కూడా ఒక నెట్టుడేనని మానేశా."

ఆమె తొమ్మిది కారణాల మీదా పెన్ను నడిపింది. ఆర్థికమా? ఆరోగ్యమా? చీమ ఏ గడిలోనూ పట్టలేదు. తొమ్మిది వేసింది. ఇంతవరకు ఎన్ని తొమ్మిదులు వేసిందో గాని, ఏ తొమ్మిదినీ ఆమె రెండోసారి దిద్దలేదు. దీన్ని దిద్దింది.

అతడు ఆమె చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు.

"ఇప్పుడు నీ వంతు. ఉందా, లేదా?"

"ఉంది."

"ముఖ్య కారణం?"

తల్లి మోకాళ్లు గుర్తొచ్చాయి, పక్కకు నెట్టింది. అత్తగారి ఫోను, పై వాటా చూపు, అవీ నెట్టింది.

"ఇందాక వంటింట్లో మూడో పేజీ తిరిగినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. గరిటె మూడుసార్లు కడిగాను. మా అమ్మ కోసం కాదు, మీ అమ్మ కోసం కాదు. ఆ కోపం అచ్చంగా నాదే. అరువు తెచ్చుకున్న కోరికకు అంత కోపం రాదు."

"'గరిటె' అని రాయనా?"

"రాసుకో."

రాశాడు. కోడి గీసినట్టుండే అక్షరాలతో, ఇతరములు అన్న గీత మీద, ఒత్తులన్నీ తప్పుగా రాశాడు. ప్రభుత్వం దగ్గర మాత్రం ఆ ఇంటి లెక్క ఖాయమైపోయింది: భార్య - లేదు, భర్త - చెప్పలేను. రేపు ఆ అంకెలు పెద్ద పుస్తకంలో చేరి, పెద్దమనుషులు వాటిని చూసి గడ్డాలు నిమురుకుంటారు.

"మరి మనవాళ్లకేం చెబుదాం?" అన్నాడు.

"సర్వేలో చెప్పిందే చెబుదాం. కొన్నాళ్లు గోల పెట్టి ఊరుకుంటారు. ఈ సంగతి ముందు మనిద్దరి దగ్గరే ఉండనీ."

ఇద్దరూ కాసేపు ఆ ఫారం వంక, ఎవరో కొత్తవాళ్లు ఇంటికొచ్చి కూర్చున్నట్టు, బెరుకుగా చూశారు.

"అయితే," అన్నాడతడు.

"అయితే ఏమిటి? ముందు ఆ చొక్కా మార్చుకోండి. గ్రీజు వాసన."

అతడు లేచిన వేగానికి కుర్చీ వెల్లకిలా పడింది. అప్పటికి పదకొండున్నర. పట్టపగలు. పై వాటా ఆవిడ మెట్ల మీద ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది. తలుపు గడియ అతడు వేశాడు. కిటికీ పరదా ఆమె లాగింది.